భూమి కడుపు చూసినోళ్లు మా కడుపులు చూడరా?

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె పేరు దేశమంతా తెలిసింది. ఎందుకు తెలిసింది? ఇక్కడి నేల కడుపులో ఏముందో సర్కారు చూసింది కాబట్టి. అణు ఖనిజాలు వెతికే కేంద్ర సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి ఈ బీళ్లలో బోర్లు వేశారు. బోరు గుంతలోకి యంత్రం దించి ఏ లోతున రాయి ఎంత రేడియేషన్ విడుస్తుందో కొలిచారు. టన్ను రాతిలో అరకిలో కూడా లేని యురేనియాన్ని సైతం వదలకుండా పట్టుకున్నారు. 2007లో శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత భూగర్భ గని వచ్చింది, శుద్ధి కర్మాగారం వచ్చింది, వ్యర్థాల చెరువు వచ్చింది.

ఇదే నేల మీద బతికే మనిషి కడుపులో నిమ్మకాయంత గడ్డ ఉంటే మాత్రం ఎవరికీ కనపడదు. అది కొబ్బరికాయంత అయ్యి, చీరకుచ్చిళ్లు నిలవనప్పుడు, ఊపిరాడనప్పుడు కనపడుతుంది. రాతి లోపల వందల అడుగుల లోతున ఉన్నది చూడగలిగిన రాజ్యానికి మనిషి చర్మం కింద నాలుగు వేళ్ల లోతున ఉన్నది చూడటం చేతకాదా? చేతకాక కాదు. చూడాలని లేక. ఈ వ్యాసంలో మేం అంటున్న మాట ఇదే.

మేం అంటే సుగాలీలం, ఎరుకలవాళ్లం, యానాదులం. మేం కొండల్లో లేం, మైదానంలో ఉన్నాం. జీవాలు మేపుతాం, పందులు సాకుతాం, చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోతాం, గనుల్లో రాళ్లు మోస్తాం. 2011 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో షెడ్యూల్డ్ తెగలవాళ్లం నూటికి ముగ్గురం కూడా లేం. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. అంచేత గిరిజన ప్రాంతాలకు ఉన్న ఆసుపత్రుల లెక్క మాకు వర్తించదు. ఏజెన్సీలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అంటారు, మైదానంలో 30,000 మందికి ఒకటి అంటారు. ఉపకేంద్రం అక్కడ 3,000 మందికి, ఇక్కడ 5,000 మందికి. అంటే తాండా కొండ మీద ఉంటే గిరిజన తాండా, బీడులో ఉంటే ఉత్త తాండా! కేంద్రం వేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లోనే చెప్పింది: గిరిజనులు సగానికి పైగా ఉన్న బ్లాకులు దేశంలో 809 ఉంటే, దేశంలోని గిరిజనుల్లో 55 శాతం మంది ఆ బ్లాకుల బయటే ఉన్నారని. ఆ బయట ఉన్నవాళ్లలో మేం ఒకళ్లం.

ఇక గడ్డ సంగతి. ఈ సీమలో మనిషి లోపల గడ్డ పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో మా బతుకుకి మరీ దగ్గరగా ఉన్నవి మూడు. ఒకటి కుక్క నుంచి వచ్చేది, రెండోది రాయి నుంచి వచ్చేది, మూడోది నీళ్ల గురించిన భయం.

మొదటిది హైడాటిడ్ తిత్తి. ఎకినోకాకస్ అనే చిన్న నాడా పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది. పొడవు ఒక్క సెంటీమీటరు కూడా ఉండదు. కుక్క రెట్టలో దాని గుడ్లు గడ్డి మీద, నీళ్లలో పడతాయి. గొర్రె మేస్తుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తిలో నీటి బుడ్డలు పుడతాయి. కోసినప్పుడు ఆ బుడ్డలున్న కార్జాన్ని పనికిరాదని కుక్కకు పడేస్తాం. మళ్లీ కుక్క పేగుల్లో పురుగు. ఈ చక్రంలో మనిషికి అసలు చోటు లేదు. కానీ జీవాల వెంట తిరిగేవాడు, కుక్కను ఒళ్లో పెట్టుకునే బిడ్డ, కడగని చేత్తో సంగటి తినే మనిషి ఆ గుడ్లను మింగుతారు. నూటికి డెబ్బై మందిలో కార్జంలో, ఇరవై మందిలో ఊపిరితిత్తుల్లో తిత్తి పెరుగుతుంది. అరుదుగా మూత్రపిండంలో, తిల్లలో, మెదడులో, ఎముకలో కూడా వస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని వైద్య పుస్తకాలు ఎప్పటినుంచో రాస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో పెట్టింది. మేమైతే నిర్లక్ష్యానికి గురైన మనుషుల జబ్బు అంటాం.

రెండోది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. పులివెందుల చుట్టూ, బ్రాహ్మణపల్లె వైపు దీన్ని తవ్వారు. తవ్విన చేతులు కూలివాళ్లవి. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లకు గానీ బయటపడదు. ఊపిరితిత్తి గట్టిపడొచ్చు, దాని పొర మందం కావొచ్చు, ఆ పొరలో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరు గడ్డ పుట్టొచ్చు. గని మూతపడినా, కంట్రాక్టరు పోయినా, మస్టరు రోలు చెదలు తిన్నా, దుమ్ము మాత్రం ఆ రొమ్ములోనే ఉంటుంది.

మూడోది యురేనియం. తుమ్మలపల్లె కర్మాగారం వ్యర్థాల చెరువు పక్కన కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె ఊళ్ల రైతులు బోర్ల నీళ్లు పాడైనాయని, అరటి తోటలు ఎండిపోయినాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు కూడా ఇచ్చింది. ఈ నేల రాళ్లలోనే యురేనియం సహజంగా ఉంది, నీళ్లలోకి వచ్చేది అదే అని సంస్థ చెబుతుంది. కావొచ్చు. సహజంగా వచ్చినా, చెరువు నుంచి ఊరినా తాగేది మేమే కదా! తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 దాకా పర్వాలేదంటుంది. నీళ్లతో లోపలికి పోయిన యురేనియం ముందుగా దెబ్బ కొట్టేది మూత్రపిండాలను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కడుపులో గడ్డ ఉన్న ప్రతి మనిషినీ చూపించి యురేనియం వల్లే అనేవాళ్లతో మేం లేం. యురేనియానికీ దీనికీ సంబంధమే లేదు అని చూడకుండానే తేల్చేసేవాళ్లతో అసలే లేం. ఇద్దరూ చూడకుండా మాట్లాడేవాళ్లే. చూడాలంటే బొమ్మ తీయాలి.

బొమ్మ అంటే స్కానింగు. దాని విలువ ఏమిటో మా వాళ్లకు తెలిసేట్టు చెబుతాం. కార్జంలో గడ్డ ఉందని చేత్తో నొక్కి చెప్పొచ్చు. ఏ గడ్డో చేత్తో చెప్పలేం. అమీబా వల్ల వచ్చిన చీము గడ్డ అయితే మందులతో తగ్గుతుంది, అవసరమైతే సూదితో చీము తీస్తారు. అదే హైడాటిడ్ తిత్తి అయితే, తెలియక గుడ్డిగా సూది గుచ్చితే లోపలి నీళ్లు చింది ఒళ్లంతా వికటించి మనిషి ప్రాణం పోవచ్చు, లేదా కడుపు నిండా పిల్ల తిత్తులు మొలవొచ్చు. రెండు గడ్డలు, ఒకే చోట, ఒకే నొప్పి. ఒకదానికి సూది వైద్యం, ఇంకోదానికి అదే సూది గండం. తేడా చెప్పేది అల్ట్రాసౌండు. తిత్తికి జంట గీతలాంటి గోడ ఉందా, లోపల తేనెపట్టులా పిల్ల తిత్తులున్నాయా, ఊడిన పొర నీళ్ల మీద తేలుతోందా, గోడ సున్నంలా గట్టిపడిందా అని అది చూపిస్తుంది.

ఈ చూపును ఒక పద్ధతిగా మొదట వర్గీకరించింది ట్యునీషియా వైద్యుడు గార్బీ, 1981లో. గొర్రెల దేశంలో పుట్టిన విద్య అది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు తిత్తులను అయిదు దశలుగా విభజించారు. చిన్న తిత్తి అయితే ఆల్బెండజోల్ మాత్రలు చాలొచ్చు. కొన్నింటిని స్కాను చూస్తూ, జాగ్రత్తలు తీసుకుని సూదితో ఖాళీ చేస్తారు. కొన్నింటికి ఆపరేషనే గతి. ఎండిపోయి గట్టిపడినదాన్ని ముట్టుకోకుండా కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. అంటే అనవసరంగా కడుపు కోయకుండా కాపాడేది కూడా బొమ్మే. ముదిరిన తిత్తి ఒక్కోసారి క్యాన్సరు గడ్డలా గట్టిగా కనిపిస్తుంది. అప్పుడు సీటీ కావాలి, రక్త పరీక్ష కావాలి. ఊపిరితిత్తిలో గాలి ఉంటుంది కాబట్టి లోపలి గడ్డను అల్ట్రాసౌండు సరిగా చూడలేదు, అక్కడ ఎక్స్‌రే, సీటీ కావాలి. మెదడుకి, వెన్నుకి ఎమ్మారై మేలు. యురేనియం ఏ స్కానులోనూ కనపడదు, దానికి నీళ్ల పరీక్ష, మూత్రం పరీక్ష, మూత్రపిండాల పనితీరు పరీక్ష కావాలి. ఏ ప్రశ్నకి ఏ యంత్రమో డాక్టర్లకు తెలుసు. ఆ యంత్రం దగ్గరికి మేం చేరడం ఎట్లాగో ఎవరికీ పట్టలేదు.

మేం చేరే దారి ఇట్లా ఉంటుంది. మొదటి ఏడాది కడుపు బరువంటే గ్యాస్ మాత్రలు. రెండో ఏడాది ఆరెంపీ ఇచ్చే సూదులు. మూడో ఏడాది గాలి సోకిందని తాయెత్తు, కోడి. ఆ తర్వాత మండలంలో ఉన్న ఆరోగ్య కేంద్రం, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి చీటీ. పులివెందుల నుంచి కడపకు డెబ్బై కిలోమీటర్లు. రోగికి తోడు ఒకరు, ఇద్దరి కూలి పోయె, బస్సు చార్జీలు పోయె. పోయిన రోజే స్కాను దొరుకుతుందన్న నమ్మకం లేదు, మళ్లీ రమ్మంటారు. మళ్లీ పోలేక బయట ప్రైవేటు స్కానింగు సెంటర్లో అప్పు చేసి తీయిస్తారు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ నడుస్తూనే ఉంది. ఆపరేషన్‌కు అది ఆదుకుంటుంది, కాదనం. కానీ గడ్డకి పేరు పెట్టిన తర్వాత కదా ఆపరేషను! పేరు పెట్టించుకోవడానికి తిరిగే తిరుగుడంతా మా మేకపిల్లను అమ్మిన డబ్బులతోనే. సగం మంది ఆ దారి మధ్యలోనే వెనక్కి తిరుగుతారు. వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు.

అసలు మోసం ఇక్కడే ఉంది. మేం జబ్బుల గురించి అడిగితే ఆధారం ఏదీ అంటారు. బొమ్మ లేదు కాబట్టి గడ్డకి పేరు లేదు. పేరు లేదు కాబట్టి రిజిస్టర్లో లేదు. రిజిస్టర్లో లేదు కాబట్టి జబ్బే లేదు. జబ్బు లేదు కాబట్టి యంత్రం ఎందుకు? ఆధారం తీసే యంత్రాన్ని మాకు అందకుండా పెట్టినవాళ్లే ఆధారం అడుగుతున్నారు. బాయికి తాళం వేసి, దాహమైతే నీళ్లు తాగకూడదా అన్నట్టుంది.

ఇది మా ఒక్కరి కథ కాదు. అమెరికాలో నవాహో ఆదివాసుల నేలలో 1940ల నుంచి యురేనియం తవ్వారు. గనుల్లోకి దిగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్లు వచ్చాయి. చివరికి 1990లో పరిహారం చట్టం వచ్చింది. అప్పుడు కూడా ఊపిరితిత్తి గట్టిపడిన జబ్బుకి పరిహారం కావాలంటే ఎక్స్‌రేలు, శ్వాస పరీక్షల కాగితాలు చూపించమన్నారు. ఆసుపత్రికి దూరంగా బతికిన గొర్రెల కాపరి ఆ కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాడు? స్కాను ఫిల్ము వైద్యానికే కాదు, న్యాయానికీ సాక్ష్యం. అందుకే మేం దీన్ని హక్కు అంటున్నాం.

మాకు వచ్చే అడ్డు మాటలు మూడు.

అరుదైన జబ్బు, దానికి అంత ఖర్చా అంటారు. లెక్కపెట్టనిది అరుదనిపించక ఏమనిపిస్తుంది? పైగా అల్ట్రాసౌండు ఒక్క తిత్తినే చూసే యంత్రం కాదు. గర్భిణికి బిడ్డ ఎట్లా ఉందో, ఎండలో పనిచేసేవాడి మూత్రపిండంలో రాయి ఉందో లేదో, ఆడమనిషి గర్భసంచిలో గడ్డ ఉందో లేదో అదే చూపిస్తుంది. గర్భసంచి తీసేయమని తొందరపెట్టే ప్రైవేటు ఆసుపత్రుల నుంచి మా ఆడవాళ్లను కాపాడేది కూడా సరైన బొమ్మే.

లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది, స్కాను యంత్రాన్ని ఊళ్లలో తిప్పకూడదు అంటారు. 1994 నాటి ఆ చట్టం ఉండాల్సిందే, ఆడపిల్లల ప్రాణాల చట్టం అది. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోకండి. 2012లో సవరించిన నిబంధనలే రకరకాల వైద్య సేవలు అందించే సంచార వైద్య వాహనంలో, రిజిస్టరు చేసిన యంత్రాన్ని వాడొచ్చని చెబుతున్నాయి. 104 బండ్లు ఉన్నాయి. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చే బండిలో లెక్కాపత్రంతో ఒక యంత్రం పెట్టడానికి చట్టం అడ్డు కాదు.

డాక్టర్లు రారు అంటారు. డాక్టర్లు వచ్చేట్టు చేయడానికే కదా కాలేజీలు! పులివెందులలో మెడికల్ కాలేజీ కట్టారు. 2024లో 50 సీట్లకు అనుమతి వస్తే వసతులు లేవని రాష్ట్ర ప్రభుత్వమే వద్దంది. 2025లో ప్రైవేటు భాగస్వామ్యానికి ఇచ్చే మొదటి జాబితాలో పులివెందులను, కర్నూలు జిల్లా ఆదోనిని పెట్టింది. కట్టింది మేమని ఒకరు, పూర్తి చేయలేదని ఒకరు కొట్లాడుకుంటున్నారు. ఆ గోడల లోపల స్కాను చదివే డాక్టరు ఎప్పుడు కూర్చుంటాడు? మా చీటీకి డబ్బులడగకుండా ఎన్నాళ్లు కూర్చుంటాడు? మాకు ఈ రెండే కావాలి.

దూరం, కరువు, సంచార బతుకు అడ్డమనే మాటకు కెన్యాలోని తుర్కానా ప్రజలు జవాబు. వాళ్లూ మాలాగే ఎండిన నేలలో మేకలు, గొర్రెలు, కుక్కలతో తిరిగేవాళ్లు. ప్రపంచంలోనే హైడాటిడ్ జబ్బు అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో అది ఒకటి. 1980లలో అక్కడ రోగులను పట్నానికి రమ్మనలేదు. అల్ట్రాసౌండు యంత్రాన్నే మోసుకుని వాళ్ల దగ్గరికి పోయారు. కడుపులు చూశారు, లెక్క రాశారు, వైద్యం చేశారు, కుక్కల సంగతీ పట్టించుకున్నారు. నలభై ఏళ్ల కింద ఎడారిలో అయిన పని, తారు రోడ్డు ఉన్న వేముల మండలంలో ఇప్పుడు కాదా?

డబ్బు లేదనొద్దు. గనులున్న ప్రతి జిల్లాకూ జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉండాలని 2015లో చట్టం వచ్చింది. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి ముఖ్యమైన పనులకే పోవాలని కేంద్రం అప్పుడే చెప్పింది. ఎర్రగుంట్ల సున్నపురాయి ఉన్న జిల్లా ఇది. 2013 నాటి గిరిజన ఉపప్రణాళిక చట్టం కూడా ఉంది. నిధులు కాగితాల మీద ఉన్నాయి, గడ్డలు మా ఒళ్లలో ఉన్నాయి.

కాబట్టి మేం అడుగుతున్నాం. తాండాలకు, ఎరుకల వాడలకు, వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న ఊళ్లకు నెలకో రోజు స్కానింగు బండి రావాలి. తీసిన బొమ్మను పెద్దాసుపత్రిలో ఉన్న డాక్టరు ఫోన్లోనైనా చూసి అదే వారంలో జవాబు చెప్పాలి. గనుల్లో, రాతినార పనిలో చేసిన ప్రతి మనిషికీ, కంట్రాక్టు కూలీకి కూడా, ఏటా రొమ్ము ఎక్స్‌రే తీసి ఫిల్ము వాళ్ల చేతికే ఇవ్వాలి. ప్రతి గడ్డనూ మండలం రిజిస్టర్లో రాయాలి: ఊరు, వయసు, చేసిన పని, తాగే నీళ్లు ఎక్కడివి, బొమ్మలో ఏం కనిపించింది. బోర్ల నీళ్లలో యురేనియం ఎంతుందో తెలుగులో రాసి సచివాలయం గోడకి అంటించాలి. ఊరి కుక్కలకు పురుగుల మందు వేయించాలి.

మన వాళ్లకూ ఒక మాట. బుడ్డలున్న కార్జాన్ని కుక్కకు వేయొద్దు, కాల్చండి, లేదా లోతుగా పూడ్చండి. పిల్లలు కుక్కను ముట్టుకుంటే చేతులు కడిగించండి. కడుపులో గడ్డ ఉందంటే స్కాను తీయకుండా ఎవర్నీ సూది గుచ్చనీయొద్దు. తీసిన ఫిల్మును పత్తాసు చుట్టడానికి వాడొద్దు, పట్టా కాగితంతో కలిపి పెట్టెలో దాచండి. రేపు అడిగినప్పుడు చూపించాల్సింది అదే. ఈసారి గ్రామసభకి పోయినప్పుడు రోడ్డు, పింఛనుతో పాటు స్కానింగు బండిని కూడా తీర్మానంలో రాయించండి. రాయకపోతే సంతకం పెట్టొద్దు.